అడవి పుట్టగొడుగుల కోసం మూడు వానాకాలాలు: నా అనుభవం

హెర్బేరియం (ఎండబెట్టిన నమూనాలు భద్రపరిచే చోటు) నుంచి నంబర్ల జాబితా పోయిన సోమవారం వచ్చింది. 143 పుట్టగొడుగులు, 96 మొక్కలు. ఒక్కోదానికీ ఒక నంబరు. అడవిలోకి వెళ్లడానికి అనుమతి కోసం నేను మొదటి దరఖాస్తు పెట్టింది 2023 జనవరి 9న. ఇది రాస్తున్నది 2025 నవంబర్‌లో. మధ్యలో మూడు వానాకాలాలు గడిచిపోయాయి.

మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినవాళ్లు వచ్చి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, డీఎన్ఏ పని బాగా కష్టమా అని. అందరికీ డీఎన్ఏ అంటేనే టెన్షన్. నాకూ ఉండేది. తీరా చూస్తే నా పనిలో జరిగిన పెద్ద నష్టాలు రెండూ అడవిలోనే జరిగాయి. ఒకటి పుట్టగొడుగు కోసిన మొదటి గంటలో, ఇంకొకటి కోసిన రోజు రాత్రి. నెలల తర్వాత ల్యాబ్‌లో అవి బయటపడ్డాయి, అంతే. అందుకే జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా రాస్తున్నాను.

నేను పని చేసింది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు, అరకు వైపు కొండల్లో. ఏ ఊరో, ఏ వాగు పక్కనో చెప్పను. అది ఊరి పెద్దలకు ఇచ్చిన మాట. వాళ్లు నాకు చెప్పిన పుట్టగొడుగుల పేర్లు కూడా నా నోట్‌బుక్‌లోనే ఉంటాయి.

ముందు అనుమతి సంగతి. రిజర్వు ఫారెస్టులో ఆకు కోయాలన్నా, కుక్కగొడుగు పీకాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. జనవరి 9న పెట్టిన దరఖాస్తు ఫిబ్రవరి చివర్లో తిరిగొచ్చింది. తిరిగే దారులు గుర్తించిన మ్యాప్ జతచేయలేదట. మళ్లీ పెట్టాను. తర్వాత ‘ఒక్కో జాతి ఎన్ని తీస్తారు’ అని అడిగారు. ఏ జాతులు కనిపిస్తాయో తెలియకుండా సంఖ్య ఎలా రాయాలో అర్థం కాలేదు. చివరికి ‘ఒక్కోచోట ఒక్కో రకంలో 5కి మించకుండా’ అని రాశాను. అది సరిపోయింది. మే 26న కాగితం చేతికొచ్చింది. లెక్కపెడితే 137 రోజులు. మీరు జూన్ వానలకు వెళ్లాలనుకుంటే అంతకు ముందు ఏడాది డిసెంబర్‌లోనే దరఖాస్తు పెట్టండి. మ్యాపు, సంఖ్య రెండూ మొదటిసారే ఇవ్వండి.

సామాన్ల విషయంలో నేను చేసిన మంచి ఖర్చు 7,800 రూపాయలకు కొన్న డ్రైయర్. పళ్ల ముక్కలు ఎండబెట్టుకునే ట్రేల పెట్టె అది. 40 నుంచి 45 డిగ్రీల మధ్య పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దుటికి పుట్టగొడుగు అప్పడంలా పెళపెళలాడాలి. వేడి ఎక్కువైతే ఉడికిపోతుంది, తక్కువైతే పురుగు పడుతుంది. మిగతావన్నీ చిన్న ఖర్చులే. వెదురు బుట్ట, అల్యూమినియం ఫాయిల్, బ్రౌన్ పేపర్ కవర్లు, చాకు, స్కేలు, సిలికా జెల్, పాత పేపర్లు. ప్లాస్టిక్ కవర్ మాత్రం ముట్టుకోవద్దు. అందులో పెడితే పుట్టగొడుగుకు చెమట పట్టి గంటలో మెత్తబడిపోతుంది. ఊళ్లో గది అద్దె నెలకు 3,000. అంతకంటే ఎక్కువ ఖర్చయింది జీపులకు. షేరు జీపులు సంత రోజున దొరికినట్టు మిగతా రోజుల్లో దొరకవు. సామానుతో దిగాలంటే బండి మొత్తం మాట్లాడుకోవాల్సిందే.

మొదటిసారి వెళ్లింది 2023 జూన్ 24న. నాలుగు రోజులు తిరిగితే దొరికినవి ఆరు. అన్నీ ఎండుకట్టెల మీదివే. ఏడాది పొడుగునా కనిపించే తెల్లటి చిన్న విసనకర్రల్లాంటి షైజోఫిల్లమ్, పల్చటి గరాటుల్లాంటి మైక్రోపోరస్. ఇంత దూరం వచ్చింది వీటికా అని చాలా దిగులేసింది. ఐదో రోజు మా ఇంటి ఓనరు వాళ్ల అత్తగారు నా బుట్టలోకి తొంగి చూసి, ‘ఇవెందుకు కోశావు పాపా, ఇవి ఎప్పుడూ ఉండేవే కదా’ అన్నారు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఇంట్లో ఆదివాసీ ఒడియా, నాతో తెలుగు మాట్లాడేవారు. నేను పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. రోజు కూలి ఇస్తానని చెప్పి, ఆవిడ పొలం పని లేని రోజుల్లో నాతో రమ్మని అడిగాను. అక్కణ్నుంచి నా పని దారిన పడింది.

మొదటిరోజే ఆవిడ నాకు పుట్టగొడుగుల్ని మూడు రకాలుగా విడదీసి చెప్పారు. పుట్ట మీద వచ్చేవి, కట్టె మీద వచ్చేవి, గుగ్గిలం చెట్టు కింద వచ్చేవి. నేను నోట్‌బుక్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెదపురుగులతో కలిసి బతికేవి, చచ్చిన కలపను కుళ్లబెట్టి బతికేవి, బతికున్న చెట్టు వేళ్లతో జతకట్టి బతికేవి అని మేం రెండేళ్లు క్లాసులో చదువుకున్న విభజన అదే. గుగ్గిలం చెట్టు లేనిచోట ఆ మూడో రకాన్ని వెతకడం దండగ అని ఆవిడే చెప్పారు. చెట్ల కింద ఏం ఉన్నాయో చూడటం మానేసి ముందు చెట్లను చూడటం అప్పటి నుంచే నేర్చుకున్నాను.

జులై మొదటి వారంలో పుట్టకొక్కులు లేచాయి. టెర్మిటోమైసిస్. ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, రోజర్ హైమ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1942లో పేరు పెట్టాడు. చెదపురుగులు భూమి లోపల గూడులో దీన్ని పెంచుకుంటాయి. గొడుగు పైకి వస్తుంది గానీ దాని కాడ వేరులా సన్నబడుతూ గూడు దాకా దిగి ఉంటుంది. జాతి గుర్తించాలంటే ఆ వేరు మొత్తం కావాలి. నేను గునపం తీయగానే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. ‘అలా తవ్వితే పుట్ట చచ్చిపోద్ది పాపా. మళ్లీ ఏడు రావు.’ కాసేపు వాదించాను. చివరికి అంచున ఉన్న ఒక్కదాన్నే తవ్వేలా ఒప్పందం కుదిరింది. గునపం పక్కన పెట్టి ఆవిడే కట్టెపుల్లతో, వేళ్లతో మట్టి తీశారు. పైన కాడ బొటనవేలంత లావు. కిందికి వెళ్లేకొద్దీ పెన్సిలంత, తర్వాత పురికొసంత. రంగు కూడా తెలుపు నుంచి బూడిద, బూడిద నుంచి నలుపు. నలభై నిమిషాలు పట్టింది. స్కేలు పెట్టి కొలిస్తే 46 సెంటీమీటర్లు. చివర చిన్న తేనెతుట్టె ముక్కలాంటి గూడు, దాని మీద ఆవగింజల్లా తెల్లటి బుడిపెలు. గునపంతో తవ్వి ఉంటే పది సెంటీమీటర్ల దగ్గరే తెగిపోయేది. ఆ నమూనా ఇప్పుడు హెర్బేరియంలో ఒక పొడవాటి పెట్టెలో ఉంది. మట్టి మళ్లీ పూడ్చి, పైన ఆకులు కప్పి గానీ పెద్దమ్మ కదల్లేదు.

ఇప్పుడు మొదటి నష్టం. 2023 జులై 27. వారం రోజులుగా వదలని వాన. ఆ రోజు ఒక్క పూటలో 31 నమూనాలు దొరికాయి. నా జీవితంలో అంత మంచి రోజు లేదనుకున్నాను. సాయంత్రం ఏడింటికి ట్రేలన్నీ నింపి డ్రైయర్ ఆన్ చేశాను. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. మర్నాడు పొద్దున పదిన్నర దాకా రాలేదు. పద్నాలుగు గంటలు. పొయ్యి పక్కన పెడితే పొగ పడుతుందని, ఉప్పు వేస్తే పాడవుతాయని, ఏం చేయాలో తెలియక ట్రేలు తీసి గదిలో పరిచి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. తెల్లవారాక గొడుగు అడుగున రేకుల్లా ఉండే మొప్పల మీద ఎక్కడా బూజు కనపడలేదు. కరెంటు రాగానే ఎండబెట్టి కవర్లలో వేసేశాను. బతికిపోయానని సంతోషపడ్డాను. ఆ కవర్ల మీద ‘కరెంటు పోయింది’ అని ఒక్క ముక్క రాసి ఉంటే నాకు ఆరు నెలల తర్వాత బోలెడంత డబ్బు, అంతకంటే ఎక్కువ ఏడుపు తప్పేవి.

ఆగస్టులో వానే లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టు అదే. ఎండుటాకులు కాళ్ల కింద నలిగి చప్పుడయ్యేవి. దానికి తోడు నాకు మలేరియా వచ్చి పదకొండు రోజులు మంచం మీదే ఉన్నాను. దోమతెర తీసుకెళ్లడం కాదు, పడుకునే ప్రతి రాత్రీ కట్టుకోవాలి. నేను రెండు రాత్రులు బద్ధకించాను.

మొక్కల పని చూడ్డానికి సులువుగా ఉంటుంది, వానాకాలంలో మాత్రం నరకం. కొమ్మను పేపర్ల మధ్య పరిచి, ప్రెస్‌లో బిగించి, రోజూ తడి పేపర్లు తీసి పొడివి పెట్టాలి. పొడి పేపర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? గదిలో గోడలే చెమ్మగా ఉంటే! పేపర్లను ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టడం నాకు ఇంటి ఓనరు వాళ్ల అబ్బాయి ఇచ్చిన సలహా. దాంతోనే 96 షీట్లు మిగిలాయి. పాడై పారేసినవి నలభై పైనే. ఇంకో చిక్కు నేను అసలు ఊహించనిది. పుట్టగొడుగు వానల్లో వస్తుంది. దానికి జత అయిన గుగ్గిలం చెట్టు పూసేది ఎండాకాలం మొదట్లో. పువ్వో కాయో లేని కొమ్మ హెర్బేరియం షీటుగా పెద్దగా పనికిరాదు. గ్యాంబుల్ అనే వృక్షశాస్త్రవేత్త మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద 1915లో మొదలుపెట్టిన పుస్తకం ఆయన పోయాక 1936లో పూర్తయింది, ఇప్పటికీ మా టేబుళ్ల మీద అదే. అందులో ఏ పేజీ తిప్పినా పువ్వుల లెక్కే అడుగుతుంది. అంటే ఒకే చెట్టు కోసం ఏడాదిలో రెండుసార్లు వెళ్లాలి. దారి ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది కలుపుకోండి.

అక్టోబర్ నుంచి ల్యాబ్. ఎండిన మొప్ప ముక్కను బ్లేడుతో వెంట్రుకంత సన్నగా కోసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో ఉబ్బేలా చేసి, కాంగో రెడ్ అనే రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. వినడానికి ఇంతే. మొదటి మూడు వారాలు నాకు కనిపించినవి గాలిబుడగలే. ఒక్కో నమూనాకు 30 సిద్ధబీజాలైనా (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) పొడుగు, వెడల్పు కొలవాలి. రోజుకు రెండు నమూనాలు చేస్తే గొప్ప. రస్సులా అనే ప్రజాతి లాంటి వాటికి మెల్జర్స్ రీఏజెంట్ కావాలి. అయోడిన్ ఉన్న ఆ ద్రావణంలో సిద్ధబీజాల మీది ముళ్లూ గీతలూ నీలం నలుపు రంగులో తేలతాయి. అందులో కలిపే క్లోరల్ హైడ్రేట్ తెప్పించడానికి పదకొండు వారాలు పట్టింది. అది మత్తు కలిగించే మందు కూడా కావడంతో సంతకాల మీద సంతకాలు. మీ ల్యాబ్‌లో సీసా ఉందో లేదో మొదటి నెలలోనే అల్మరా తెరిచి చూసుకోండి.

అది చేతికొచ్చిన రోజు రాత్రి చూసిన మొదటి స్లైడు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అంతవరకు పాలిపోయిన గుండ్రటి గింజలుగా ఉన్నవి, చుక్క పాకగానే ఒక్కొక్కటిగా నల్లటి ముళ్లతో పల్లేరుకాయల్లా మారిపోయాయి. ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా అరిచాను.

ఆ ల్యాబ్ పని సాగుతుండగానే జరిగిన ఒక సంగతి చెప్పాలి. నవంబర్‌లో ఒక జూనియర్ గడ్డి మైదానంలో దొరికాయని పెద్ద పెద్ద తెల్లటి పుట్టగొడుగులు నాలుగు తెచ్చింది. వండుకుందాం అక్కా అంది. చూడటానికి ముచ్చటగా, కాడకు ఉంగరంతో, అచ్చం తినేవాటిలాగే ఉన్నాయి. రేపటి దాకా ఆగమని చెప్పి, ఒక గొడుగు కోసి సగం తెలుపు సగం నలుపు కాగితం మీద బోర్లించి గిన్నె మూతపెట్టాను. సిద్ధబీజాలు రాలి కాగితం మీద ముద్ర పడుతుంది. పొద్దున తీసి చూస్తే తెలుపు సగం మీద పాచి రంగు ఆకుపచ్చ గీతలు. క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తిన్నవాళ్లకు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ అమ్మాయి కాగితాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఫోటో చూపించి ‘ఇది తినొచ్చా’ అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ జవాబు చెప్పకపోవడానికి కారణం ఆ కాగితమే.

2024 ఫిబ్రవరిలో డీఎన్ఏ మొదలుపెట్టాను. ఎండు ముక్కను చిన్న రోకలితో నూరి, సీటాబ్ అనే సబ్బులాంటి ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర గంట ఉంచి, క్లోరోఫామ్ కలిపి తిప్పి, పైన తేరుకున్న నీటిని జాగ్రత్తగా తీసి, చల్లటి ఐసోప్రొపనాల్‌లో రాత్రంతా వదిలేస్తే అడుగున కనీకనపడని తెల్లటి మచ్చ. అదే డీఎన్ఏ. శిలీంద్రాలకు బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ ముక్కగా, 2012లో ప్రతిపాదించిన ఐటీఎస్ భాగాన్ని ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4 ప్రైమర్లతో (ఆ భాగం రెండు చివర్లా అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెంచి, జెల్ మీద నడిపి చూశాను. 24లో 22కి బ్యాండ్లు, అంటే ఆ భాగం పెరిగిందని చెప్పే గీతలు, వచ్చాయి. ఇంత తేలికా అనిపించింది. ఒక్కో నమూనా డీఎన్ఏ అక్షరాల వరుస చదివించడానికి పన్నుతో కలిపి 1,150 రూపాయలు. 22 పంపాను, 25,300. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమై ముందు నా చేతి నుంచే కట్టాను. తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

పదహారు రోజులకు ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కటి బ్లాస్ట్‌లో (తెలిసిన డీఎన్ఏలతో పోల్చి చూపే సాధనం) వేసి చూస్తుంటే మొదటి ఐదు సరిగ్గా ఉన్నాయి. ఆరోది ట్రైకోడెర్మా. ఏడోది ట్రైకోడెర్మా. పదోది పెనిసిలియం. అన్నీ బూజులే. మొత్తం తొమ్మిది. నా చేతి పనే బాగాలేదని, ట్యూబుల్లో ఏదో కలిసిపోయిందని, రెండు వారాలు మళ్లీ చేశాను. అదే ఫలితం. మూడో వారం మా గైడ్ మేడమ్ ఆ తొమ్మిది నంబర్లకూ సేకరించిన తేదీలు బోర్డు మీద రాయమన్నారు. నేను రాస్తుంటే నా చేతికే తెలిసిపోయింది. తొమ్మిదీ జులై 27వే.

కంటికి కనపడలేదు గానీ ఆ పద్నాలుగు గంటల్లో బూజు మొప్పల్లోకి పాకేసింది. ఆ రోజు తెచ్చిన 31లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తెలియదు. మైక్రోస్కోపు పని వరకు పనికొచ్చినవి ఉంచుకుని, డీఎన్ఏకు ఆ రోజువన్నీ వదిలేశాను. అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కోసిన వెంటనే గొడుగును చీల్చి, గాలి తగలని లోపలి కండ నుంచి వడ్లగింజంత ముక్క తీసి, అక్కడికక్కడే సీటాబ్ పోసిన చిన్న ట్యూబులో వేయడం. డ్రైయర్ పని చేసినా చేయకపోయినా ఆ ముక్క భద్రం. రెండో సీజన్‌కు 4,200 పెట్టి పాత ఇన్వర్టర్ బ్యాటరీ కూడా కొన్నాను. డ్రైయర్‌ను లాగలేదది, చిన్న ఫ్యాన్ వరకు తిప్పింది. గాలి ఆడితే చాలు, చాలావరకు గట్టెక్కుతాం.

2024 వానాకాలం బాగుంది. జులై 21న గుగ్గిలం చెట్ల కింద ఎర్ర రస్సులా ఒకటి కనిపించింది. ఒక్కటే. గొడుగు నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు, మధ్యలో ముదురు ఎరుపు, అంచుకు వచ్చేసరికి దానిమ్మ గింజ రంగు. పెద్ద వాన మీదకొస్తోంది. రెండు ఫోటోలు తీసి, ముక్క ట్యూబులో వేసి, ఫాయిల్‌లో చుట్టి బుట్టలో పెట్టి పరిగెత్తాం. నంబరు ఎఫ్-087. ఆ రోజు నోట్‌బుక్‌లో నేను రాసింది రెండు లైన్లే. వాసన గడి ఖాళీ. రుచి గడి ఖాళీ. కాడ రంగు మారడం, ఖాళీ. సిద్ధబీజాల ముద్ర కూడా తీసుకోలేదు, ఉన్నది ఒక్కటే కదా అని నేరుగా డ్రైయర్‌లో పెట్టాను. ఇది రెండో నష్టం.

సెప్టెంబర్ మొదటి పది రోజుల వానలకు ఏజెన్సీలో చాలాచోట్ల కొండచరియలు పడి రోడ్లు కోసుకుపోయాయి. మనుషుల ఇళ్లే పోయిన చోటికి బుట్ట పట్టుకుని వెళ్లాలనిపించలేదు. నెలంతా ఊరుకున్నాను.

2025 జనవరి 17న ఎఫ్-087 ఫలితం వచ్చింది. డీఎన్ఏ అక్షరాలు స్పష్టంగా వచ్చాయి, ఎక్కడా గజిబిజి లేదు. దగ్గరి పోలిక 91.6 శాతం. అదీ పేరు పెట్టని రస్సులాలతో, ఎవరో చెట్ల వేళ్ల నుంచి తీసిన డీఎన్ఏతో. అంటే కొత్తది కావచ్చు. పేపరు మీద ఆ అంకె చూసి రాత్రి నిద్రపట్టలేదు. మేడమ్ మాత్రం చల్లగా అడిగారు. ‘ముద్ర ఏ రంగు? వాసన ఏంటి? ఫెర్రస్ సల్ఫేట్ రాస్తే ఏమైంది?’ రస్సులాలలో ముద్ర తెలుపా, మీగడా, ముదురు పసుపా అనేదే సగం గుర్తింపు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఎండిన ముక్కలో సిద్ధబీజాలు కొలవగలం, డీఎన్ఏ తీయగలం, వాసన తీసుకురాలేం. ఒక్క నమూనాతో, సగం వివరాలతో కొత్త జాతి అని ఎవరూ రాయరు, రాయకూడదు కూడా.

మార్చిలో గుగ్గిలం పూల కోసం వెళ్లాను. లేత పసుపు పూలు చెట్టు నిండా ఉన్నాయి, కొమ్మలు మాత్రం అందని ఎత్తులో. పెద్దమ్మ మనవడు దోటీతో రెండు రెమ్మలు కోసిచ్చాడు. ఆ చెట్టు కిందే నిలబడి ఎర్రదాని ఫోటో పెద్దమ్మకు చూపించాను. ఆవిడ ఫోను దూరంగా పట్టుకుని చూసి, ‘ఇదా! కోసి పెడితే మర్నాటికి ఎండురొయ్యల వాసనొస్తది. మేం తినం’ అన్నారు. జనవరి నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్నకు జవాబు ఆవిడ దగ్గర ఉంది, నేను అడగలేదు. అయినా విన్నమాట రాయలేం. నేను నా ముక్కుతో చూడాలి. ఈసారి అవి లేచిన రోజే ఫోను చేయమని చెప్పి వచ్చాను.

ఆ ఏడు నైరుతి మే 24నే కేరళకు వచ్చేసింది. నేను బ్యాగు సర్దుకుని కూర్చున్నాను. జూన్ 17న ఫోను వచ్చింది. ‘నాలుగున్నాయి. బుట్ట బోర్లించి వచ్చాను, తొందరగా రా.’ మర్నాడు మధ్యాహ్నానికి అక్కడున్నాను. నిజంగానే పాత గంప ఒకటి బోర్లించి, పైన రాయి పెట్టి ఉంది.

ఈసారి నేను కోయడానికి ముందే గంటసేపు అక్కడ కూర్చున్నాను. వాన పడుతూనే ఉంది, పెద్దమ్మ గొడుగు పట్టారు. రంగులు చార్టుతో పోల్చి రాశాను. ఒకదాని అంచు ముక్క నాలుక కొసన పెట్టి నమిలి ఉమ్మేశాను. కారం లేదు, చప్పగా ఉంది. ఇది రస్సులా అని పూర్తిగా తెలిసినప్పుడు మాత్రమే చేసే పని, ఇంకే పుట్టగొడుగుతోనూ చేయకండి. కాడ మీద గోటితో గీస్తే పది నిమిషాల్లో ఆ గీత తేనె రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. ఫెర్రస్ సల్ఫేట్ పలుకు తీసి రాశాను. చాలా రస్సులాలకు ఇక్కడ గులాబీ రంగు వస్తుంది. నా కళ్ల ముందే అది ఆకుపచ్చగా మారింది. పెద్దమ్మ వంగి చూసి, ‘మందు పెట్టావా దానికి?’ అని అడిగారు.

ఆ రాత్రి రెండు గొడుగులు గాజు పలక మీద బోర్లించి మూతపెట్టాను. ఒకదాన్ని విడిగా కాగితంలో ఉంచాను. కరెంటు ఉంది. అయినా నిద్ర రాలేదు. ఐదింటికి లేచి కాగితం విప్పగానే వాసన గుప్పుమంది. ఎండురొయ్యలే. రస్సులా క్సెరాంపెలినా గుంపు లక్షణం సరిగ్గా ఇదే. ఆ వాసన, కాడ గోధుమ రంగుకు తిరగడం, ఆకుపచ్చ మరక, మూడూ కలిస్తే ఆ గుంపే. గాజు మీద ముద్ర ముదురు మీగడ రంగులో, మొప్పల గీతలు ఒక్కటి కూడా చెదరకుండా పడింది. బ్లేడుతో గీకి కుప్ప చేసి మళ్లీ రంగు చూసి రాశాను.

ఆగస్టు 8న రెండో డీఎన్ఏ ఫలితం వచ్చింది. మూడు నమూనాలూ ఒకటే, ఎఫ్-087తో అక్షరం తేడా లేదు. దగ్గరి బంధువులతో ఇంకా రెండు జన్యుభాగాలు పోల్చాలి, పాత జాతుల మూల నమూనాల (పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచినవి) వివరాలు చూడాలి. కొత్తదని తేలితే 2013 నుంచి ఉన్న నియమం ప్రకారం మైకోబ్యాంక్ లాంటి శిలీంద్రాల పేర్ల రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేసుకుని నంబరు తీసుకోవాలి, అప్పుడే పేరు చెల్లుతుంది. దానికి ఇంకో ఏడాది పట్టొచ్చు. ఇప్పటికి 143లో జాతి దాకా తేలినవి 61. మిగతావి ప్రజాతి దగ్గరే ఆగాయి. నా జేబులోంచి మొత్తం 86,000 దాకా పెట్టాను, 52,000 తిరిగొచ్చాయి.

నంబర్లు వచ్చిన సాయంత్రం పెద్దమ్మకు ఫోను చేశాను. జూన్‌లో దొరికిన ఎర్రవాటి చీటీ మీద ‘సేకరించినవారు’ అనే చోట ఆవిడ పేరు, నా పేరు రెండూ ఉన్నాయని, అది బీరువాలో చాలా ఏళ్లు ఉంటుందని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. వెనకాల ఎవరో వడ్లు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది.

‘వాసన రాశావా?’ అని అడిగారు.

రాశాను పెద్దమ్మా అని, చీటీ మీద ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.